బాల్కనీలో నిలబడ్డ మనిషి

తండ్రీ కొడుకూ గాడిదా కథ తెలియని ఇల్లుండదు. సంతకు బయల్దేరిన తండ్రీకొడుకులు గాడిదను ఉత్తినే నడిపించుకెళ్తుంటే దారిన పోయేవాళ్లు నవ్వుతారు. సరేనని కొడుకు ఎక్కితే ‘పెద్దాయన్ని నడిపిస్తున్నాడు చూడు’ అంటారు. తండ్రి ఎక్కితే ‘పసివాణ్ని నడిపించడానికి మనసెలా వచ్చిందో’ అంటారు. ఇద్దరూ ఎక్కితే ‘మూగజీవం చచ్చిపోదూ’ అంటారు. చివరికి ఇద్దరూ కలిసి గాడిదనే మోసుకెళ్తారు. అది కాస్తా బెదిరి ఏట్లో పడుతుంది. లోకుల మాట పట్టుకు వేలాడితే ఏం మిగులుతుందో చెప్పడానికి అమ్మమ్మలకు ఇంతకన్నా మంచి కథ దొరకలేదు.

1981లో బరోడాలో ఓ చిత్రకారుడు ఈ కథనే బొమ్మగా వేశాడు. ఆయన పేరు భూపేన్ ఖక్కర్. బొమ్మకు పెట్టిన పేరు ‘యూ కాంట్ ప్లీజ్ ఆల్’. అంటే అందరినీ మెప్పించడం నీవల్ల కాదు అని. ఇళ్లు, చెట్లు, దారి, ఆ దారిలో అక్కడొకసారి ఇక్కడొకసారి కనిపించే తండ్రీ కొడుకూ గాడిదా... మన చేర్యాల పటంలో మాదిరిగా కథంతా ఒకే బొమ్మలో నడుస్తూ ఉంటుంది. కానీ చూసేవాళ్ల కన్ను ముందు ఆగేది అక్కడ కాదు. ఓ బాల్కనీ దగ్గర. ఆ బాల్కనీలో ఓ మనిషి ఒంటిమీద నూలుపోగు లేకుండా నిలబడి ఊరి వంక చూస్తుంటాడు. అతను చిత్రకారుడేనని కళాచరిత్ర రాసేవాళ్లు చెబుతారు.

ఆ మనిషికి అక్కడేం పని? గాడిద కథలో అతను లేడే!

కళాచరిత్ర పాఠం చెప్పడం నా వృత్తి. ఏటా కొత్త బ్యాచ్ రాగానే ఈ బొమ్మ తెర మీద వేసి ఇదే ప్రశ్న అడుగుతాను. ‘ఉక్కపోతేమో మేడమ్’ అని ఓ కుర్రాడు అంటే క్లాసంతా గొల్లుమంది. ‘దిగంబర సన్యాసి అయ్యుంటాడు’ అని ఇంకో అమ్మాయి. అందరి జవాబులూ అయ్యాక అసలు సంగతి చెబుతాను. భూపేన్‌కు మగవాళ్లంటేనే ప్రేమ. తల్లి బతికున్నంత కాలం ఆ మాట పైకి చెప్పలేదు. తల్లి పోయాక, యాభైకి దగ్గర పడుతున్న వయసులో, దాచడం మానేశాడు. ఆ రోజుల్లో వేసిన బొమ్మ ఇది. ఇక నేనెవరి మాటా పట్టించుకోను అని ఊరికి చెప్పడానికి బట్టలు విప్పి బాల్కనీలో నిలబడ్డాడు.

ఈ సంగతి తెలియకపోయినా బొమ్మను చూడొచ్చు. రంగులు బాగున్నాయనొచ్చు. కానీ తెలిశాక చూస్తే గాడిద కథ పిల్లల కథగా మిగలదు. ఓ మనిషి నలభై ఏళ్లకు పైగా ఎవరి కోసం ఎక్కాడు, ఎవరి కోసం దిగాడు అన్న కథ అవుతుంది.

‘తేడా’ అనే మాట

కళాచరిత్రను ఇలా చదవడానికి ప్రపంచ విశ్వవిద్యాలయాల్లో ఓ పేరుంది... క్వీర్ దృష్టి. క్వీర్ అంటే ఇంగ్లిషులో మొదట ‘అదోరకం’ అని అర్థం. తర్వాత తిట్టయింది. మన వీధుల్లో కుర్రాళ్లు ‘వాడు తేడా రా’ అంటారు చూడండి, అచ్చం అలాంటి తిట్టు. ఎవరిని తిట్టారో వాళ్లే 1980లు, 90లలో ఆ మాటను తీసుకుని ‘అవును, మేం అదే, అయితే ఏమిటి?’ అన్నారు. దాంతో తిట్టు కాస్తా పేరయింది. ఇవాళ స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు, ఆడామగా అనే రెండు గదుల్లో ఇమడనివాళ్లు... అందరికీ కలిపి వాడుతున్న మాట.

ఆ దృష్టితో బొమ్మలు చూడటం అంటే కనిపించిన ప్రతి చిత్రకారుడి పడగ్గదిలోకీ తొంగిచూడటం కాదు. అడిగే ప్రశ్నలు మామూలువే. ఈ బొమ్మ ఎవరి కోసం వేశారు? ఇందులో ఉన్నవాళ్లు ఒకరికొకరు ఏమవుతారు? ఆ సంగతి మనకు ఇన్నాళ్లూ ఎవరు చెప్పలేదు? ఎందుకు చెప్పలేదు?

‘బొమ్మ చూసి ఆనందించక ఈ సొంత గొడవలన్నీ ఎందుకండీ?’ అని నాతో వాదించినవాళ్లున్నారు. పికాసో సంగతే తీసుకుందాం. ఆయన బొమ్మల పుస్తకం ఏది తెరిచినా ఫెర్నాండ్, ఓల్గా, మరీ తెరీజ్, డోరా మార్ వరసగా వచ్చేస్తారు. ఏ స్త్రీతో ఉన్నప్పుడు ఏ బొమ్మ వేశాడో పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. ఏడుస్తున్న స్త్రీ బొమ్మ డోరాదని అందరం చెప్పుకుంటాం. అది సొంత గొడవ అని ఎవరూ అనలేదు. కళాచరిత్ర అన్నారు. మగవాడు మగవాణ్ని ప్రేమించిన సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం సొంత గొడవ అయిపోతుంది!

‘అతడు’ ఆమె అయిన వైనం

మైకెలాంజెలో పేరు వినని వాళ్లుండరు. సిస్టీన్ చాపెల్ పైకప్పు నిండా బొమ్మలు వేసినవాడు, డేవిడ్ శిల్పం చెక్కినవాడు. ఆయన కవి కూడా. 1532లో రోమ్‌లో తొమ్మాజో దె కవాలియేరి అనే యువకుడు పరిచయమయ్యాడు. అప్పటికి మైకెలాంజెలో యాభై ఏడో ఏట ఉన్నాడు. ఆ యువకుడి మీద పద్యాలు రాశాడు. కానుకగా బొమ్మలు గీసి పంపాడు. ఆకాశంలోంచి పడిపోతున్న ఫేథన్ బొమ్మ వాటిలో ఒకటి. దాని చిత్తు ప్రతి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ కాగితం మీదే మైకెలాంజెలో కవాలియేరికి ఓ మాట రాశాడు. ఇది నచ్చకపోతే చెప్పు, రేపు సాయంత్రానికల్లా ఇంకోటి గీస్తాను అని! పోప్‌లతోనే తగువు పెట్టుకున్న పెద్దమనిషి ఒక కుర్రవాడికి బొమ్మ నచ్చుతుందో లేదోనని కంగారు పడ్డాడు. ఆ కంగారు చూస్తే మైకెలాంజెలో నాకు మొదటిసారి మనిషిలా కనిపించాడు.

ఆయన 1564లో కన్నుమూశాడు. చివరి ఘడియల్లో పక్కనున్నవాళ్లలో కవాలియేరి ఒకడు. 1623లో మైకెలాంజెలో తమ్ముడి మనవడు ఆ పద్యాలను అచ్చు వేయించాడు. వేయించే ముందు ఓ పని చేశాడు. మగవాణ్ని ఉద్దేశించిన చోట్ల మాటలు మార్చి, స్త్రీ కోసం రాసినట్టు సర్దేశాడు. వంశం పరువు! రాతప్రతుల్లోని అసలు పాఠం 1863లోగానీ అచ్చు కాలేదు. అంటే 240 ఏళ్లపాటు లోకం చదివింది మైకెలాంజెలోను కాదు, మనవడు దిద్దిన మైకెలాంజెలోను.

తెలుగువాళ్లకు ఈ దిద్దుబాటు ఎంత పెద్దదో వివరించనక్కర్లేదు. మన భాషలో ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని క్రియ చివరే తెలిసిపోతుంది. పద్యంలో ఒక్కచోట ‘డు’ తీసేయాలంటే ప్రతి పాదంలోనూ తీసుకుంటూ పోవాలి. అంత ఓపిగ్గా ఓ మనిషి కూర్చుని తన తాతగారి ప్రేమను మార్చేశాడు.

వాళ్లిద్దరి మధ్యా స్నేహమా, ఆరాధనా, ఇంకేదైనానా అని కొందరు అడుగుతారు. దానికి తీర్పు చెప్పడం కళాచరిత్ర పని కాదు. ఉన్న పద్యాన్ని ఉన్నట్టు చదవనివ్వడం మాత్రం దాని పనే.

కాల్చేసిన ఉత్తరాలు

ఇదంతా విదేశాల సంగతి కదా అనుకునేవాళ్లకు అమృతా షేర్‌గిల్ కథ చెబుతాను. 1913లో బుడాపెస్ట్‌లో పుట్టి, పారిస్‌లో బొమ్మలు నేర్చుకుని, 1941లో ఇరవై ఎనిమిదేళ్లకే లాహోర్‌లో చనిపోయిన చిత్రకారిణి. మన హైదరాబాదుకూ వచ్చింది. 1936-37లో దక్షిణాది చూడ్డానికి బయల్దేరినప్పుడు ఇక్కడ తన బొమ్మలు చూపించింది. సాలార్‌జంగ్ వాటిని చూశాడు కానీ కొనలేదు. ఆయన అభిరుచి వేరు. కొని ఉంటే మూసీ ఒడ్డున ఉన్న ఆ మ్యూజియంలో మన పిల్లలు ఇవాళ వాటిని చూసేవారు.

అమృత ప్రేమకథల గురించి మన పత్రికలు చాలానే రాశాయి, అన్నీ మగవాళ్లతోనే. పారిస్‌లో తోటి విద్యార్థిని మరీ లూయిజ్ షసానీ గురించి తక్కువ. ఆ స్నేహం మీద పుకార్లు ఇంటిదాకా వెళ్లాయి. 1934లో తల్లికి రాసిన ఉత్తరంలో అమృత ఆ పుకార్లు నిజం కాదంది. అక్కడితో ఆపేస్తే మామూలు కూతురే. కానీ స్త్రీతో ప్రేమ అన్న ఆలోచన తనకు లేకపోలేదని కూడా అదే ఉత్తరంలో తల్లికి రాసింది. ఆ రోజుల్లో ఓ ఆడపిల్ల కన్నతల్లికి అలా రాయగలిగిందంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

తర్వాత ఆమె హంగరీలో ఉన్నప్పుడు, ఇక్కడ దాచుకున్న ఉత్తరాలు చాలావాటిని తల్లిదండ్రులు కాల్చేశారు. అది తెలిసి అమృత ఎంతో నొచ్చుకుంటూ తండ్రికి రాసింది. ఆ కాలిపోయిన కాగితాల్లో ఏముందో చెప్పడం ఇక ఎవరి తరమూ కాదు. కన్నవాళ్లు దుర్మార్గులు కారు. కూతురి పేరు చెడకూడదనుకున్నారు. మైకెలాంజెలో ఇంటి మనవడు అనుకున్నదీ అదే. చరిత్రలో ఇలాంటి ఖాళీలను ఎక్కువగా చేసింది శత్రువులు కాదు, ప్రేమించిన కుటుంబాలే. మన పెట్టెల్లో ఏ ఉత్తరం ఉంది, ఏ ఫొటో లేదు అన్నది కూడా ఇళ్లల్లోనే తేలిపోతుంది.

లెక్కలాయన కుంచె

మళ్లీ భూపేన్ దగ్గరికి వద్దాం. 1934లో బొంబాయిలో ఓ మధ్యతరగతి గుజరాతీ ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. చదివి చార్టర్డ్ అకౌంటెంట్ అయ్యాడు. ఇంట్లోవాళ్లకు అంతకన్నా ఏం కావాలి! కానీ అతనికి బొమ్మలు కావాలి. 1962లో బరోడా చేరి మహారాజా శాయాజీరావ్ విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగంలో చేరాడు. చదివింది చిత్రలేఖనం కాదు, కళావిమర్శ. బొమ్మలు తనంతట తానే నేర్చుకున్నాడు. పొట్టకూటికి లెక్కలు రాయడం మాత్రం చాలా ఏళ్లు మానలేదు. అదే అరవైలలో మన మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వెళ్లిన లక్ష్మాగౌడ్ కూడా అక్కడే చదువుకున్నాడు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడమంటాను నా విద్యార్థులతో. లక్ష్మాగౌడ్ ఎచ్చింగుల్లో పల్లెటూరి ఆడామగల కోరిక దాపరికం లేకుండా ఉంటుంది. చూసి ఉలిక్కిపడ్డవాళ్లున్నారు. అయినా తెలంగాణ పల్లె జీవితంలోని సత్తువగానే లోకం వాటిని మెచ్చుకుంది. భూపేన్‌కూ సత్తువ ఉంది. అయితే అతని కోరిక ఇంకోవైపుది. దాన్ని చెప్పడానికి అతనికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ ఇరవై ఏళ్లలో ఏం వేశాడు? చేతి గడియారాలు బాగుచేసేవాణ్ని, దర్జీని, మంగలిని. ‘జనతా వాచ్ రిపేరింగ్’, ‘డీలక్స్ టైలర్స్’ 1972 నాటివి. ఆ రోజుల్లో పెద్ద చిత్రకారులెవరూ దర్జీ కొట్టు వంక కన్నెత్తి చూసేవారు కాదు. భూపేన్ చూశాడు. ఆ బొమ్మల్లో మగవాళ్లు ఒంటరిగా, శుభ్రంగా తల దువ్వుకుని, పని చేసుకుంటూ ఉంటారు. అప్పట్లో వాటిని మధ్యతరగతి మీద వ్యంగ్యం అన్నారు. తర్వాత అతని జీవితం తెలిశాక చూసినవాళ్లకు ఇంకోటి కూడా కనిపించింది... ఆ మామూలు మగవాళ్ల మీద అతనికున్న మమకారం. బొమ్మ అదే. రంగు అదే. మనం చూసే తీరు మారింది.

1982లో ‘టూ మెన్ ఇన్ బెనారస్’ వేశాడు. ఇద్దరు మగవాళ్లు నగ్నంగా కౌగిలించుకుని నిలబడి ఉంటారు. వాళ్ల చుట్టూ కాశీ. గుళ్లు, సాధువులు, పూజలు, ఎవరి పనిలో వాళ్లు. అందరూ ఉన్న ఊళ్లోనే మేమూ ఉన్నాం అన్నట్టు. 1987లో ‘యయాతి’ వేశాడు. కొడుకు యవ్వనాన్ని అడిగి తీసుకున్న రాజు కథ. నన్నయ భారతం చదివిన మనకు తెలిసిందే. పటాన్‌చెరు అమీన్‌ఖానుకు పొన్నికంటి తెలగన అంకితమిచ్చిన అచ్చతెలుగు కావ్యమూ ఆ కథే. భూపేన్ చేతిలో అది పెద్దవయసు మగవాడికీ పడుచువాడికీ మధ్య నడిచే ప్రేమ కథ అయింది. పురాణాన్ని తన గుండెకు దగ్గరగా లాక్కోవడం మన కవులు ఎప్పటినుంచో చేస్తున్నదే.

ఒక సంగతి మరచిపోకూడదు. అవి వేసిన రోజుల్లో ఆ ప్రేమ మన దేశంలో నేరం. 1860లో బ్రిటిష్‌వాళ్లు రాసిన శిక్షాస్మృతిలోని 377 సెక్షన్ అలా చెప్పింది. 2009లో ఢిల్లీ హైకోర్టు కాదంది. 2013లో సుప్రీంకోర్టు మళ్లీ అవునంది. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నేరాన్ని తీసేసింది. భూపేన్ దాన్ని చూడలేదు. క్యాన్సర్‌తో 2003 ఆగస్టులో పోయాడు. 1984లో పద్మశ్రీ ఇచ్చిన దేశమే చట్టం ప్రకారం అతన్ని నేరస్థుడిగానూ ఉంచింది. ‘యూ కాంట్ ప్లీజ్ ఆల్’ను 1996లో లండన్‌లోని టేట్ కొనుక్కుంది. 2016లో టేట్ మోడర్న్‌లో ఆ బొమ్మ పేరుతోనే పెద్ద ప్రదర్శన జరిగింది. 2019లో ‘టూ మెన్ ఇన్ బెనారస్’ లండన్ వేలంలో 25 లక్షల పౌండ్లకు పైగా పలికింది. మన లెక్కలో 22 కోట్ల రూపాయల పైమాటే.

ఓ తండ్రి వచ్చాడు

కొన్నేళ్ల కిందట ఓ విద్యార్థి తండ్రి నన్ను కలవడానికి వచ్చాడు. కోస్తాలో ఓ చిన్న పట్నంలో సైన్ బోర్డులు రాసే ఆర్టిస్టు. ఫ్లెక్సీలు వచ్చాక చేతిలో పని పోయింది. అయినా కొడుకును బొమ్మల చదువుకే పంపాడు. చేతిలో కొడుకు నోట్స్ జిరాక్స్. అందులో కాశీ బొమ్మ.

‘బొమ్మలు నేర్పుతారని పంపాం మేడమ్. ఈ మగాళ్లిద్దరి ఫొటో ఏంటండీ?’ అన్నాడు. కోపం లేదు. భయం ఉంది.

కూర్చోమని, ముందు వాచ్ రిపేరింగ్ బొమ్మ చూపించాను. కళ్లద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు చూశాడు. ‘అచ్చం మన బోర్డుల రంగులేనండీ. ఈయనా బోర్డులు రాసినోడేనా?’ అన్నాడు. కాదు, లెక్కలు చూసేవాడని చెప్పాను. ‘అయితే బాగా నేర్చాడండీ’ అన్నాడు. తర్వాత దర్జీ బొమ్మ. తర్వాత గాడిద కథ. దాన్ని గుర్తుపట్టి నవ్వాడు. బాల్కనీలో మనిషి గురించి అడిగితే, ఇందాక మీకు చెప్పిందే చెప్పాను. ఆయన నవ్వు ఆగింది.

‘పరీక్షలో వస్తాయా ఇవి?’

‘వస్తాయండీ.’

టీ తాగాడు. వెళ్లడానికి లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. ‘మావోడి గురించి మీకేమన్నా తెలుసా మేడమ్?’ అన్నాడు. ఆయన వచ్చింది ఆ ఒక్క ప్రశ్న కోసమని అప్పుడు అర్థమైంది.

‘వాడి సంగతి వాడే చెప్పాలండీ. నేను చెప్పేది కాదు. వాడు ఏం చెప్పినా వినడానికి మీరున్నారని వాడికి తెలిస్తే చాలు’ అన్నాను. తలూపి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో తర్వాత ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆ అబ్బాయి డిగ్రీ పూర్తి చేశాడు. చివరి ప్రదర్శనకు తండ్రి వచ్చి, కొడుకు బొమ్మల కింద పేర్లు తన చేత్తో రాసిపెట్టాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

పేరు పెట్టే హక్కు

బతికున్నవాళ్ల విషయంలో పాటించే మర్యాదే పోయినవాళ్ల విషయంలోనూ పాటించాలి. ఫ్రాన్స్ చిత్రకారిణి రోజా బొనర్‌ను చూడండి. ‘హార్స్ ఫెయిర్’ అనే పెద్ద గుర్రాల సంత బొమ్మ ఆమెదే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. కబేళాలకూ సంతలకూ వెళ్లి జంతువులను చూసి గీసుకోవడానికి ప్యాంటు వేసుకునేది. అందుకు పారిస్ పోలీసుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాల్సి వచ్చింది! నతాలీ మికాస్ అనే స్నేహితురాలితో నలభై ఏళ్లకు పైగా కలిసి బతికింది. నతాలీ పోయాక అమెరికన్ చిత్రకారిణి అన్నా క్లంప్కే తోడుగా వచ్చింది. ముగ్గురి సమాధీ ఒక్కటే. రోజా తనకు తాను ఏ పేరూ పెట్టుకోలేదు. మనం పెట్టడం బాగుండదు. కానీ ‘పెళ్లి చేసుకోలేదు’ అని ఒక్క వాక్యం రాసి ఆ ఇద్దరినీ చెరిపేయడం అంతకన్నా బాగుండదు.

పోలీసుల అనుమతి అంటే నవ్వొచ్చింది కదా! మన హైదరాబాదు రాజ్యంలోనూ అలాంటిదే ఒకటుండేది. 1329 ఫస్లీ నాటి చట్టం. దాని ప్రకారం హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయాలి. వాళ్లు ఆడబట్టలతో వీధిలో కనిపించినా, ఆడిపాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. అది తెలంగాణ చట్టాల్లో ఉండనే ఉంది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఎవరు ఏ చీర కట్టాలో పోలీసు పుస్తకం చెప్పిన ఈ తెలుగునాటే, స్థానం నరసింహారావు సత్యభామగా చీరకట్టి రంగం మీదికి వస్తే జనం కన్నార్పకుండా చూశారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి వేదాంతం సత్యనారాయణశర్మ సంగతీ అంతే. ఆడవేషం వేసినంత మాత్రాన వాళ్ల సొంత జీవితానికి ఏ పేరూ అంటగట్టకూడదు. అది కళ, వృత్తి, సంప్రదాయం. అడగాల్సింది మనల్ని మనం. రంగస్థలం మీద మెచ్చుకున్నదాన్ని వీధిలో ఎందుకు రాళ్లేసి తరిమాం?

కోనసీమ జిల్లా ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడికి వెళ్లినవాళ్లకు తెలుసు. ఒకే శిల. ముందు కేశవుడు, వెనక మోహిని. అర్చకుడు దీపం పట్టి వెనకవైపు కూడా చూపిస్తాడు. జడ, దాని ముడి చూసి మన పెద్దవాళ్లు ఎంత మురిసిపోతారో! దేవుడి లీలకూ మనిషి బతుక్కూ ముడిపెట్టి ‘చూశారా, మనకు ఎప్పటినుంచో ఉంది’ అని తొందరపడటం నాకిష్టం లేదు. ఆ శిల్పి ఏం అనుకుని చెక్కాడో అది భక్తికి సంబంధించినది. అయినా ఒకటి నిజం. ఒకే రాయిలో రెండు రూపాలు చూడటానికి మన కళ్లు అలవాటుపడినవే. మనిషి దగ్గరికి వచ్చేసరికే ఆ అలవాటు తప్పుతోంది.

ఇదంతా చదివితే పిల్లలు చెడిపోతారేమోనని అడిగే తల్లులున్నారు. పాఠం విని ఎవరూ ఎవరినో ప్రేమించడం మొదలుపెట్టరమ్మా అంటాను. పికాసో పాఠం విని ఎవరూ నాలుగు సంసారాలు పెట్టలేదు కదా! ఈ పాఠం వల్ల జరిగేది ఒకటే. అరవైమంది క్లాసులో ‘లోకంలో నేనొక్కణ్నే ఇలా పుట్టాను’ అని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోయే పిల్లో పిల్లాడో ఉంటే, ఆ ఒక్కరికీ తెలుస్తుంది... తనకన్నా ముందు చాలామంది ఉన్నారని, వాళ్లు బతికారని, గొప్ప పనులు చేశారని. మిగతా యాభై తొమ్మిదిమందికి తెలుస్తుంది, పక్క బెంచీ మీద కూర్చున్నవాణ్ని ‘తేడా’ అని పిలవకూడదని. చట్టం మారింది కానీ ఇంకా చాలా మిగిలే ఉంది. ఇద్దరు మగవాళ్ల, ఇద్దరు ఆడవాళ్ల పెళ్లిని గుర్తించడం తన చేతుల్లో లేదని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టులు చేసేది కోర్టులు చేస్తాయి. ఇళ్లల్లో జరగాల్సింది వేరే ఉంది.

ఈసారి పిల్లలతో ఏ మ్యూజియానికైనా వెళ్తే, బొమ్మ పక్కన అతికించిన చిన్న చీటీ కూడా చదవండి. ‘స్నేహితుడితో’, ‘పరిచారికతో’, ‘తోడుతో’ అని ఉన్నచోట ఓ నిమిషం ఆగండి. ఆ మాట ఎవరు రాశారు, వాళ్లకు అంతే తెలుసా, తెలిసీ అంతే రాశారా అని పిల్లల్ని అడగండి. జవాబు దొరక్కపోయినా ఫర్వాలేదు. మన ఇంటి పాత ఆల్బమ్ తెరిచినప్పుడు కూడా అదే ప్రశ్న అడగడం వాళ్లకు అలవాటవుతుంది.